కుందేళ్లలో చూడి, ఈత సమయంలో వచ్చే చిక్కులు: రైతు ముందే తెలుసుకోవలసినవి

కొన్నేళ్ల క్రితం చలికాలంలో త్రిపురాంతకం మండలంలోని ఒక ఊరి నుంచి ఒక మహిళా రైతు ఫోన్ చేశారు. పొదుపు సంఘం అప్పుతో పది ఆడ కుందేళ్లు, రెండు మగ కుందేళ్లు తెచ్చి ఇంటి పక్కన చిన్న షెడ్డు వేసుకున్నారు. "సార్, ఒక కుందేలు నెల దాటినా ఈనలేదు. మేత ముట్టడం లేదు. ఏం చేయమంటారు?" అన్నారు. ఎప్పుడు దాటించారని అడిగితే, "అమావాస్యకు ముందో వెనకో సార్, సరిగ్గా గుర్తులేదు" అన్నారు. నేను వ్యవసాయ పట్టభద్రుణ్ని, పశువైద్యుణ్ని కాను. ఆవులు, గేదెలు వారం పది రోజులు అటూ ఇటూ ఈనడం చూసిన అలవాటుతో, "రెండు రోజులు చూడమ్మా" అని చెప్పాను.

మూడో రోజుకు కుందేలు చచ్చిపోయింది. పశువైద్యశాలలో కోసి చూస్తే కడుపులో ఒకే ఒక్క పిల్ల ఉంది. అది బాగా పెరిగి దారికి అడ్డంగా ఇరుక్కుంది. మొదటి రోజే తీసుకొచ్చి ఉంటే తల్లిని కాపాడగలిగేవాళ్లమని డాక్టరు గారు అన్నారు. ఆ సలహా నాది, తప్పూ నాదే. ఆ తరువాత కుందేళ్ల గురించి చదివి, పశువైద్యులను అడిగి, పెంచుతున్న రైతుల షెడ్లలో కూర్చుని చూసి తెలుసుకున్న సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ లెక్క అర్థం చేసుకోవాలి

ఆవు సుమారు 280 రోజులు, గేదె సుమారు 310 రోజులు, గొర్రె, మేక సుమారు 150 రోజులు మోస్తాయి. కుందేలు మోసేది 30 నుంచి 32 రోజులు మాత్రమే. ఎక్కువగా 31వ రోజున ఈనుతుంది. అంటే కుందేలుకు ఒక రోజు, ఆవుకు తొమ్మిది రోజులతో సమానం. కుందేలు మూడు రోజులు ఆలస్యమైతే ఆవు దాదాపు నెల రోజులు ఆలస్యమైనట్టు లెక్క. ఆవు నెల దాటిపోయినా ఈనకపోతే మనం ఊరుకుంటామా?

ఇంకొక సంగతి. కడుపులో పిల్లల బరువు ఎక్కువ భాగం చివరి పది రోజుల్లోనే పెరుగుతుంది. అందుకే గడువు దాటిన తరువాత పిల్ల పెద్దదై ఇరుక్కునే ప్రమాదం రోజురోజుకూ పెరుగుతుంది. 34, 35 రోజులు దాటితే పిల్లలు బతికి బయటపడడం చాలా అరుదు.

కాబట్టి కుందేళ్ల పెంపకంలో మొదటి మందు తేదీ రాసుకోవడమే. పుస్తకంలో రాస్తే ఇంట్లో ఎక్కడో ఉండిపోతుంది. మనది పలకలకు పేరుపడిన మార్కాపురం ప్రాంతం. ప్రతి పంజరానికీ ఒక చిన్న పలక కట్టండి. దాటించిన తేదీ, ఏ మగ కుందేలుతో దాటించారో, ఈనవలసిన తేదీ బలపంతో రాయండి. ఇంట్లో ఎవరు మేత వేయడానికి వెళ్లినా తేదీ కళ్లకు కనబడుతుంది.

ఏ రోజున ఏం చేయాలి

నవంబరు 1న దాటించారనుకుందాం. అప్పుడు లెక్క ఇలా ఉంటుంది.

1. నవంబరు 1: ఆడ కుందేలును మగదాని పంజరంలోకి తీసుకెళ్లాలి. మగదాన్ని ఆడదాని పంజరంలో వదిలితే పోట్లాడుకుంటాయి. కుందేలుకు ఆవులా ఎద రోజులు ఉండవు. దాటిన పది, పదమూడు గంటల తరువాతే అండాలు విడుదలవుతాయి. పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మగది పక్కకు ఒరిగి పడితే దాటినట్టే. వెంటనే ఆడదాన్ని దాని పంజరంలోకి చేర్చాలి.

2. నవంబరు 13 నుంచి 15 (12 నుంచి 14 రోజులు): చూడి పరీక్ష చేయాలి. ఒక చేత్తో భుజాల దగ్గర పట్టుకుని, రెండో చేతిని పొత్తికడుపు కింద పెట్టి, బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య మెల్లగా జార్చి చూడాలి. చూడి కట్టితే మెత్తని గోలీకాయల్లాంటివి వేళ్ల మధ్య జారుతాయి. గట్టిగా, చిన్నగా, వెన్నెముకకు దగ్గరగా తగిలేవి పెంటికలు కావచ్చు. గట్టిగా నొక్కితే పిల్లలు పోతాయి. మొదటి రెండు మూడుసార్లు అనుభవం ఉన్నవారి దగ్గర నేర్చుకోండి.

3. నవంబరు 29 (28వ రోజు): పంజరంలో గూడు పెట్టె పెట్టాలి. పొడవు 45 సెంటీమీటర్లు, వెడల్పు 30 సెంటీమీటర్లు చాలు. ముందువైపు గోడ ఎత్తు సుమారు 15 సెంటీమీటర్లు ఉంటే తల్లి దాటగలదు, పిల్లలు పడిపోవు. లోపల ఎండుగడ్డి లేదా శుభ్రమైన వరిగడ్డి పరవాలి. పొడవాటి దారాలు, గోనె పీచు వేయకండి. పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి.

4. డిసెంబరు 1 నుంచి 3 (30 నుంచి 32 రోజులు): ఈనే రోజులు. ఈనడానికి కొద్ది గంటల నుంచి ఒకటి రెండు రోజుల ముందు తల్లి తన పొట్ట మీద బొచ్చు పీక్కుని గూడు కడుతుంది. అది రోగం కాదు.

5. డిసెంబరు 3 సాయంత్రానికి ఈనకపోతే మర్నాడు పొద్దున్నే పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. మేత మానేసినా, ముక్కుతున్నా పొద్దు వరకు కూడా ఆగకండి.

మామూలు ఈత ఎలా ఉంటుంది

మామూలు ఈత తెలిస్తేనే చిక్కు గుర్తుపట్టగలం. కుందేళ్లు ఎక్కువగా రాత్రి లేదా తెల్లవారుజామున ఈనుతాయి. మొత్తం ఈత పది నిమిషాల నుంచి అరగంటలో ముగుస్తుంది. పిల్ల తల ముందు రావచ్చు, వెనక కాళ్లు ముందు రావచ్చు. రెండూ మామూలే. తల్లి పిల్లలను నాకి శుభ్రం చేసి మాయను తినేస్తుంది. కొంచెం నెత్తురు కనిపించడం సహజం. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది పిల్లలు పుడతాయి. ఒక్కొక్కటి 40 నుంచి 60 గ్రాములు ఉంటుంది. వాటికి బొచ్చు ఉండదు, కళ్లు తెరిచి ఉండవు.

నల్లమల అంచు గ్రామాల్లో కొందరు అడవి కుందేలు, అంటే చెవులపిల్లి పిల్లలు దొరికితే తెచ్చి వీటితో కలిపి పెంచాలని చూస్తారు. ఆ రెండూ వేరు జాతులు, కలవవు. చెవులపిల్లి పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. పైగా దాన్ని పట్టడం, పెంచడం, చంపడం వన్యప్రాణి చట్టం కింద నేరం. కనబడినా అక్కడే వదిలేయండి.

ఈత అయిన తరువాత తల్లికి కొంత గడ్డి వేసి పక్కకు మళ్లించి గూడు చూడండి. చేతులు శుభ్రంగా కడుక్కుని, గూటిలోని బొచ్చుకు రుద్దుకుని పిల్లలను లెక్కపెట్టండి. చచ్చినవాటిని, మిగిలిన మాయను తీసేయండి. మనిషి చేయి తగిలితే తల్లి పిల్లలను వదిలేస్తుందన్న మాట పెంపుడు కుందేళ్ల విషయంలో నిజం కాదు. చూడకుండా వదిలేయడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది.

ఈతలో వచ్చే చిక్కులు

*పిల్ల అడ్డం పడడం.* ఇది కుందేళ్లలో తరచుగా రాదు, కానీ వస్తే వేళ మించనివ్వకూడదు. కడుపులో ఒకటి రెండు పిల్లలే ఉన్నప్పుడు అవి బాగా పెద్దవవుతాయి. బాగా కొవ్వు పట్టిన తల్లులకు, వయసు రాకముందే దాటించిన వాటికి, నీరసించి ముక్కలేని వాటికి కూడా ఈ కష్టం వస్తుంది. గుర్తులు ఇవి: అరగంటకు మించి ముక్కుతున్నా పిల్ల రాకపోవడం, పచ్చని లేదా నల్లటి స్రావం, ఆగకుండా నెత్తురు, పళ్లు కొరకడం, మూలకు ముడుచుకు కూర్చోవడం.

పిల్ల సగం బయటికి వచ్చి ఆగిపోయి కళ్లకు కనబడుతుంటే మాత్రం, శుభ్రమైన తడిగుడ్డతో పట్టుకుని, తల్లి ముక్కినప్పుడు మాత్రమే మెల్లగా కిందివైపు లాగవచ్చు. లోపలికి వేళ్లు పెట్టకండి. గట్టిగా లాగకండి. ఈత సూది పేరుతో ఎవరైనా ఇంజెక్షన్ ఇస్తామంటే ఒప్పుకోకండి. పిల్ల అడ్డంగా ఉన్నప్పుడు ఆ సూది వేస్తే గర్భసంచి చిరిగి తల్లి చచ్చిపోవచ్చు. దారి తెరుచుకుని ఉందా, పిల్ల ఎలా ఉంది అని చూసి, సూది వేయాలో ఆపరేషన్ చేయాలో నిర్ణయించవలసింది పశువైద్యుడే.

*కొన్ని పిల్లలు లోపలే మిగిలిపోవడం.* కుందేలుకు రెండు గర్భసంచులు వేర్వేరుగా ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో ద్వారం ఉంటుంది. ఒకవైపు పిల్లలు వచ్చేసి రెండోవైపువి ఆగిపోవచ్చు. పిల్లలు పుట్టేశాయి కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. రెండో రోజుకు తల్లి మేత మానేస్తుంది, చెడు వాసనతో స్రావం వస్తుంది. అందుకే ఈనిన మర్నాడు పొత్తికడుపు మెల్లగా తడిమి చూడండి. ఏదైనా గట్టిగా తగిలితే డాక్టరుకు చూపించండి.

*గర్భసంచి బయటికి జారడం.* ఎర్రగా సంచిలా కనబడుతుంది. దుమ్ము, ఈగలు వాలకుండా కాచి చల్లార్చిన ఉప్పునీటితో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే తీసుకెళ్లాలి. ఇంట్లో లోపలికి నెట్టే ప్రయత్నం చేయకండి.

ఈతకు ముందే వచ్చే చిక్కులు

*దొంగ చూడి.* దాటినా కట్టనప్పుడు, లేదా రెండు ఆడ కుందేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినప్పుడు కడుపులో పిల్లలు లేకుండానే చూడి లక్షణాలు వస్తాయి. 16 నుంచి 18 రోజులకు బొచ్చు పీకి గూడు కడుతుంది. తేదీ రాయని రైతు దాన్ని నిజమైన ఈత అనుకుని ఎదురుచూస్తాడు. పలక మీద తేదీ ఉంటే 17వ రోజున బొచ్చు పీకితే దొంగ చూడి అని వెంటనే తెలుస్తుంది. దీనికి మందు అక్కరలేదు. లక్షణాలు తగ్గాక మళ్లీ దాటించవచ్చు. మూడు నెలలు దాటిన ఆడ కుందేళ్లను విడివిడిగా ఉంచితే ఇది తగ్గుతుంది.

*పిల్లలు కరిగిపోవడం, ఈసుకుపోవడం.* చూడి తొలి రోజుల్లో పిల్లలు పోతే అవి కడుపులోనే కరిగిపోతాయి. చూడి పరీక్షలో గోలీలు తగిలినా చివరికి ఏమీ పుట్టకపోవడానికి ఇదొక కారణం. మూడో వారం దాటాక పోతే బయటికి పడతాయి. ఎండ దెబ్బ, కుక్కలు షెడ్డు చుట్టూ మొరగడం, చెవులు పట్టి ఎత్తడం, బూజు పట్టిన వేరుశనగ చెక్క లేదా దాణా, కొన్ని అంటురోగాలు దీనికి కారణాలు. ఒక్కదానికి జరిగితే అదృష్టం అనుకోవచ్చు. రెండు మూడింటికి జరిగితే దాణా మార్చి, పడిన పిల్లలను పశువైద్యశాలకు చూపించి, తరువాత సున్నం వేసి పూడ్చండి. వాటిని ఉత్త చేతులతో ముట్టుకోకండి. ఇంట్లో గర్భిణులు ఉంటే ఆ పనికి దూరంగా ఉంచండి.

*చివరి వారంలో మేత మానేయడం.* చూడి కుందేళ్లను చంపే జబ్బుల్లో ఇది ముఖ్యమైనది. కొవ్వు పట్టిన కుందేలు చివరి వారంలో ఏ కారణంగానైనా తినడం మానేస్తే, ఒంట్లోని కొవ్వు ఒక్కసారిగా కరిగి కాలేయం మీద భారం పడుతుంది. రక్తంలో విషపదార్థాలు పెరుగుతాయి. కుందేలు మందంగా, తూలుతూ ఉంటుంది. నోటి నుంచి మాగిన పండులాంటి వాసన రావచ్చు. ఒకటి నుంచి అయిదు రోజుల్లో చచ్చిపోతుంది. డాక్టరు గ్లూకోజు ఎక్కించి చికిత్స చేస్తారు గానీ, ఆలస్యమైతే ఫలితం తక్కువ.

నివారణ రైతు చేతిలోనే ఉంది. దాటించే ముందు వెన్ను, పక్కటెముకలు తడిమి చూడండి. ఎముకలు పైకి పొడుచుకు రాకూడదు, అసలు తగలకుండానూ ఉండకూడదు. చూడి మొదటి 20 రోజులు దాణా మామూలుగా ఉంచి పచ్చిమేత, ఎండుగడ్డి బాగా ఇవ్వండి. చివరి పది రోజుల్లో దాణా కొద్దికొద్దిగా పెంచండి. దాణా రకాన్ని ఈ రోజుల్లో మార్చకండి. ఒక పూట మేత మిగిలితే గమనించండి. ఒక రోజంతా ముట్టకపోతే డాక్టరుకు చెప్పండి.

ఈత తరువాత వచ్చే చిక్కులు

*తల్లి పిల్లలను తినేయడం.* త్రిపురాంతకం దగ్గరే ఒక యువకుడి షెడ్డులో వరుసగా రెండు ఈతల్లో ఇలా జరిగింది. "పాడు కుందేలు సార్, అమ్మేస్తాను" అన్నాడు. నేను పంజరంలోని నీటి నిప్పిల్ వేలితో నొక్కి చూశాను. చుక్క రాలేదు. మన బోర్ల నీటిలో ఉప్పు, సున్నం ఎక్కువ. అది పేరుకుని నిప్పిల్ మూసుకుపోయింది. ఈనిన కుందేలుకు విపరీతమైన దాహం వేస్తుంది. నీళ్లు లేకపోతే పిల్లల మీద పడుతుంది. 28వ రోజు నుంచి ప్రతి సాయంత్రం నిప్పిల్ నొక్కి చూడండి, అదనంగా ఒక మట్టి మూకుడులో మంచినీళ్లు పెట్టండి. మీరు తాగలేని నీళ్లు దానికీ పోయకండి.

దాహంతో పాటు భయం, చప్పుడు, మొదటి ఈత కూడా కారణాలే. శివరాత్రికి కొండ మీది గుడి మైకులు, దీపావళి టపాకాయలు, ఊరి తిరునాళ్ల డప్పులు గుర్తుపెట్టుకుని, ఆ రోజుల్లో ఈతలు పడకుండా దాటించే తేదీని చూసుకోండి. మొదటి ఈతలో పిల్లలను పాడుచేసిన తల్లికి ఇంకొక అవకాశం ఇవ్వండి. అన్నీ సరిగా ఉండీ రెండోసారి కూడా చేస్తే తీసేయండి.

*పిల్లలు చల్లబడడం.* గూటి బయట పుట్టిన పిల్లలు రాత్రి చలికి బిగుసుకుపోతాయి. చచ్చాయని వెంటనే పారేయకండి. పొడిగుడ్డలో చుట్టి, గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, నెమ్మదిగా వేడెక్కించండి. కదలిక వచ్చి ఒళ్లు వెచ్చబడ్డాకే గూటిలో పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు పాలు పట్టకండి.

*పాలు ఇవ్వడం లేదన్న అనుమానం.* కుందేలు రోజుకు ఒక్కసారే, అదీ మూడు నుంచి అయిదు నిమిషాలు మాత్రమే పాలిస్తుంది. ఎక్కువగా రాత్రి లేదా తెల్లవారుజామున ఇస్తుంది. పగలంతా గూటికి దూరంగా కూర్చుంటే పిల్లలను వదిలేసిందని కంగారు పడకండి. పొద్దున పిల్లల పొట్టలు చూడండి. గుండ్రంగా, పలుచని చర్మం కింద తెల్లగా పాలు కనబడితే తాగినట్టే. పొట్ట ముడుతలు పడి ఉంటే తాగలేదని అర్థం. అప్పుడు తల్లిని మెల్లగా పట్టుకుని గూటిలో కూర్చోబెట్టి పిల్లలను చన్నులకు అందించండి.

*పొదుగు వాపు.* చన్నులు ఎర్రగా, వేడిగా, గట్టిగా అవుతాయి. తరువాత నీలంగా మారతాయి. తల్లి పిల్లలను దగ్గరికి రానివ్వదు. గూడు పెట్టెలో పొడుచుకొచ్చిన మేకులు, పదును అంచులు, తడి పరుపు దీనికి దారి తీస్తాయి. ఆ తల్లి పిల్లలను ఇంకొక తల్లి దగ్గర పెట్టకండి. వాటి నోటి ద్వారా జబ్బు రెండో తల్లికి అంటుతుంది.

*చీమలు, ఎలుకలు.* కళ్లు తెరవని పిల్లలను చీమలు ఒక్క రాత్రిలో చంపేస్తాయి. పంజరం కాళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టండి. ఎలుకలు దూరకుండా జాలీ కన్నాలు చిన్నవిగా ఉండాలి.

తల్లి చచ్చిపోతే పిల్లల సంగతి

కుందేలు పాలు చాలా చిక్కగా ఉంటాయి. ఆవు పాలలో కొవ్వు 3, 4 శాతం ఉంటే వీటి పాలలో సుమారు 12 శాతం ఉంటుంది, మాంసకృత్తులు కూడా ఎక్కువ. అందుకే ఆవు పాలు పట్టి పెంచిన పిల్లలు సాధారణంగా దక్కవు. మంచి మార్గం ఇంకొక తల్లి దగ్గర పెట్టడమే. అందుకోసం ఎప్పుడూ రెండు మూడు కుందేళ్లను ఒకే రోజున దాటించండి. అవి ఒకటి రెండు రోజుల తేడాతో ఈనుతాయి. ఒకదానికి పది పిల్లలు, ఇంకొకదానికి నాలుగు పుడితే సర్దవచ్చు. పిల్లల వయసు తేడా రెండు మూడు రోజులకు మించకూడదు. కొత్త గూటి బొచ్చులో కలిపి పెడితే తల్లి ఇబ్బంది పెట్టదు. ఖర్చు లేని బీమా ఇదే.

మన ఎండలు, మన కుందేళ్లు

మన దగ్గర పెంచే న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్ వంటివి చల్లని ప్రాంతాలకు అలవాటుపడ్డ జాతులు. కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ దక్షిణాదిలో కుందేళ్ల పని చేస్తున్నది కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరులో. త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు వైపు మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలు. కుందేలుకు హాయిగా ఉండేది 15 నుంచి 25 డిగ్రీల మధ్య. 30 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 35 దాటితే ప్రమాదం. నిండు చూడి కుందేళ్లు ముందు పడిపోతాయి.

అందుకని మన ప్రాంతంలో ఫిబ్రవరి ఆఖరుతో దాటించడం ఆపేయండి. చివరి ఈతలు మార్చి ఆఖరుకు అయిపోతాయి, ఏప్రిల్ ఆఖరుకు పిల్లలు తల్లిని వదులుతాయి. వేసవిలో తల్లులకు విశ్రాంతి. వానలు పడి చల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టండి. ఎండ తిన్న మగ కుందేలుకు వీర్యం తిరిగి కుదురుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. జూలైలో రెండు మూడుసార్లు దాటించినా కట్టకపోతే తప్పు ఆడదానిది కాకపోవచ్చు.

రేకుల షెడ్డు అయితే పైన తాటాకు లేదా బోదగడ్డి కప్పండి. వేపచెట్టు నీడ అన్నిటికన్నా మంచిది. మధ్యాహ్నం తడిపిన గోనెపట్టాలు గాలి వచ్చే వైపు వేలాడదీయండి. నోరు తెరిచి రొప్పుతూ చెవులు కాలిపోతున్న కుందేలును నీళ్లలో ముంచకండి. చెవులను చల్లని నీటి గుడ్డతో తుడిచి, గాలి తగిలేలా నీడలో ఉంచండి.

మందుల విషయంలో ముఖ్యమైన హెచ్చరిక

కుందేలు పొట్టలో మేతను అరిగించే మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్ వంటి మందులను నోటి ద్వారా ఇస్తే ఆ మేలు జీవులు చచ్చి, విరేచనాలతో కుందేలు చచ్చిపోతుంది. మనుషులకూ కోళ్లకూ పనిచేసింది కదా అని మందుల షాపులో అడిగి తెచ్చి పట్టవద్దు. కుక్కల పిడుదులకు వాడే ఫిప్రోనిల్ మందు కూడా కుందేళ్లకు విషమే. మిరప, పత్తి చేలల్లో మందు కొట్టిన గట్ల గడ్డి కోసి వేయకండి. చూడి కుందేళ్లకు అసలే వద్దు.

పెంపుడు జంతువులుగా అమ్మే రైతులకు

మన దగ్గర కొందరు పిల్లలను ఒంగోలు, గుంటూరు, హైదరాబాదు వైపు జతలుగా అమ్ముతారు. కొన్నవారికి ఈ మూడు మాటలు చెప్పి పంపండి.

మొదటిది, చిన్నప్పుడు ఆడ మగ తేడా గుర్తించడం కష్టం. మూడు నెలల వయసులో మళ్లీ చూపించి విడదీయాలి. నాలుగు నెలలకే చూడి కట్టే కుందేళ్లు ఉంటాయి, ఆ వయసులో ఈత ప్రమాదం. దాటించదలిస్తే అయిదారు నెలలు నిండి, మధ్యరకం జాతి అయితే రెండున్నర కిలోల దాకా తూగాలి.

రెండోది, ఈనిన రోజే కుందేలు మళ్లీ చూడి కట్టగలదు. మగది పక్కనే ఉంటే పాలిస్తూనే మళ్లీ మోస్తుంది, రెండు మూడు ఈతలకే ఒళ్లు గుల్లవుతుంది. 28వ రోజుకు ముందే మగదాన్ని వేరు చేయాలి.

మూడోది, నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లలో గర్భసంచి గడ్డలు ఎక్కువగా వస్తాయి. మూత్రంలో నెత్తురు కనబడితే చూపించాలి. కొన్ని ఆకులు తిన్నప్పుడు మూత్రం ఎర్రగా రావడం ఉంది, కానీ నెత్తురు ముద్దలుగా ఉంటే అది వేరు. పెంపకం కోసం ఉంచిన తల్లులను రెండున్నర, మూడేళ్లకు మార్చుకోవడం మేలు.

డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు

ఈ నాలుగు సంగతులు సిద్ధంగా ఉంచుకోండి: దాటించిన తేదీ, చివరిసారి మేత తిన్న సమయం, ముక్కడం మొదలై ఎంతసేపైంది, స్రావం ఏ రంగులో ఉంది. తీసుకెళ్లేటప్పుడు చెవులు పట్టి ఎత్తకండి. ఒక చేత్తో మెడ మీది వదులు చర్మం పట్టుకుని, రెండో చేత్తో వెనకభాగం ఆనించండి. కాళ్లు వేలాడి తన్నుకుంటే వెన్ను విరుగుతుంది. గాలి ఆడే వెదురు బుట్టలో గడ్డి వేసి, ఎండగా ఉంటే పైన తడిగుడ్డ కప్పి తీసుకెళ్లండి. కుందేలు వాంతి చేసుకోలేదు, కాబట్టి ఆపరేషన్ అంటారేమోనని పస్తు పెట్టకండి. దారిలోనూ మేత అందుబాటులో ఉంచండి.

మొదట చెప్పిన ఆ మహిళా రైతు తరువాత ప్రతి పంజరానికీ పలక కట్టారు. మరుసటి ఏడాది ఇంకొక కుందేలు 32వ రోజు సాయంత్రం ముక్కుతూ ఈనలేకపోయింది. ఈసారి నాకు ఫోన్ చేసేటప్పటికే బుట్టతో ఆటోలో ఉన్నారు. "తేదీ చూసుకున్నాను సార్, పోతున్నాను" అని మాత్రం అన్నారు. అడ్డం పడ్డ పిల్ల, దాని వెనక ఇంకొకటి చచ్చే వచ్చాయి. మూడు బతికాయి, తల్లి బతికింది. అది కోలుకునే వరకు ఆ మూడింటినీ అదే రోజున దాటించిన ఇంకొక కుందేలు పెంచింది.

చచ్చిన కుందేలును కూడా గోతిలో వేసే ముందు వీలైతే పశువైద్యశాలకు తీసుకెళ్లి కోయించి చూడండి. కారణం తెలిస్తే మిగతా వాటిని కాపాడుకోవచ్చు. అత్యవసరమైతే సంచార పశువైద్య సేవల ఉచిత నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ని కలవండి. ఈ రోజే ఒక పని చేయండి. మీ షెడ్డులో ఉన్న ప్రతి ఆడ కుందేలును ఏ తేదీన దాటించారో గుర్తుచేసుకుని రాయండి. గుర్తురానిది ఏదైనా ఉంటే పొట్ట తడిమి చూసి, ముందుగా దానికి గూడు పెట్టె పెట్టండి.